ఇంట్లో చేసిన వాటర్ బ్లాక్: వేడి ఎక్కడ ఆగుతోందో ముందు చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, ముందు దాని సారం రాస్తాను. తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. కంప్యూటర్ ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్. వాటర్ బ్లాక్, అంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకి అందించే దిమ్మ, 12 మి.మీ. మందం రాగి బస్‌బార్ (కరెంటు మోసే రాగి పట్టీ) ముక్కతో చేశావు. పక్కల నుంచి 8 మి.మీ. డ్రిల్ దించి మెలికల దారి చేసి, అక్కర్లేని మూతుల్ని ఏసీ మెకానిక్ దగ్గర బ్రేజింగ్ చేయించి మూయించావు. పంపు ఎయిర్ కూలర్‌ది. రేడియేటర్ ఏమో, పాడైపోయిన రెడీమేడ్ లిక్విడ్ కూలర్ నుంచి ఊడదీసిన 240 మి.మీ.ది. లోపల బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్. ఫుల్ లోడ్‌లో గది 33, నీళ్లు 40, ప్రాసెసర్ 89 డిగ్రీలు. రాగి ఇంకా మందంగా తీసుకోవాలా, అడుగున వెండి రేకు వేయిస్తే లాభమా, పంపు పెద్దది పెడితే సరిపోతుందా అని అడిగావు.

నీళ్ల టెంపరేచర్ విడిగా కొలిచావు చూడు, అది చాలామంది చెయ్యని పని. దానివల్లే నీ సమస్య ఎక్కడుందో ఇక్కడ కూర్చునే చెప్పొచ్చు.

గదికీ నీళ్లకీ మధ్య తేడా 7 డిగ్రీలు. అది రేడియేటర్ ఖాతా. రేడియేటర్ రెట్టింపు చేసినా అక్కడ మిగిలేది మూడు నాలుగు డిగ్రీలే, ఎందుకంటే నీళ్లు గది కంటే చల్లబడవు. నీళ్లకీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా 49. ఇది బ్లాక్, థర్మల్ పేస్ట్, చిప్ ముగ్గురి ఉమ్మడి ఖాతా. డబ్బు, శ్రమ ఏది పెట్టినా ఈ 49 మీదే పెట్టాలి.

అందులో అంతా నీ చేతిలో లేదు. 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఒకే సిలికాన్ ముక్కలో ఉంటాయి. దాని వైశాల్యం దాదాపు 80 చదరపు మి.మీ., అంటే చిటికెన వేలి గోరంత. మొత్తం ప్యాకేజీకి ఏఎండీ పెట్టిన పవర్ లిమిట్ 142 వాట్లు, అందులో ఎక్కువ భాగం ఆ గోరంత చోటు నుంచే బయటికి రావాలి. సిలికాన్ నుంచి ప్రాసెసర్ పైనున్న లోహపు మూత దాకా ఉన్న దారిని నువ్వు మార్చలేవు. మంచి కంపెనీ బ్లాక్ పెట్టినా ఈ ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్‌లో నీళ్లకీ కోర్‌కీ తేడా ముప్పైల్లోనే ఉంటుంది. కాబట్టి 49ని 36 దగ్గరికి తెస్తే ఇంటి పనికి అది చాలా మంచి ఫలితం. ఇరవై అవుతుందని ఆశపడితే నిరాశే.

మరి ఆ 13 డిగ్రీలు ఎక్కడ ఇరుక్కున్నాయి? రాగిలో కాదు. రాగి గోడకి అంటుకుని దాదాపు కదలకుండా ఉండే పల్చటి నీటి పొరలో. మధ్యలో నీళ్లు ఎంత జోరుగా పారుతున్నా గోడ పక్క పొర మాత్రం నిదానంగానే ఉంటుంది, వేడి దాన్ని దాటుకునే రావాలి. రాగి ఉష్ణవాహకత మీటరుకి డిగ్రీకి 390 నుంచి 400 వాట్లు. నీళ్లది 0.6. అంటే సుమారు 650 రెట్లు తేడా. 0.1 మి.మీ. కదలని నీటి పొర, 65 మి.మీ. రాగి దిమ్మెతో సమానంగా వేడిని అడ్డుకుంటుంది. ఈ ఒక్క లెక్క తలకెక్కితే బ్లాక్ డిజైన్ సగం వచ్చినట్టే.

ఇప్పుడు నీ వెండి సంగతి. వెండి ఉష్ణవాహకత 429, రాగి కంటే పదో వంతు కూడా ఎక్కువ కాదు. నీ బ్లాక్ అడుగు పలకలో పోతున్నదే కొద్ది డిగ్రీలు. అందులో పదో వంతు అంటే అర డిగ్రీ కూడా రాదు. ఆ డబ్బుతో ఇంట్లో ఆడవాళ్లకి పట్టీలు కొను, పేరైనా వస్తుంది. మందం పెంచడం కూడా అంతే. నీళ్ల కింద 3 మి.మీ. రాగి మిగిలితే చాలు, వేడి పక్కలకి పరుచుకోవడానికి అది సరిపోతుంది.

పంపు గురించి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. రేడియేటర్ నుంచి తిరిగొచ్చే పైపుని లీటరు సీసాలో పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడు. నిమిషానికి ఒక లీటరు వస్తే, 142 వాట్లకి ఆ నీళ్లు వేడెక్కేది 2 డిగ్రీలే. మూడు లీటర్లు వస్తే 0.7. అంటే నీళ్లు వేడిని మోసుకుపోలేకపోతున్నాయనేది తప్పు ఊహ. నీ మెలికల డిజైన్‌లో మాత్రం ప్రవాహం పెరిగితే వేరే లాభం ఉంది. 8 మి.మీ. సొరంగంలో నిమిషానికి లీటరు పారితే ప్రవాహం మందకొడిగా ఉంటుంది, మూడు లీటర్లు పారితే సుడులు తిరిగి ఆ నీటి పొర పల్చబడుతుంది. అందుకే పెద్ద పంపు పెడితే నీకు కొన్ని డిగ్రీలు తగ్గే మాట నిజమే. 2000 ప్రాంతంలో విదేశాల్లో ఈ పిచ్చి మొదలైనప్పుడు చాలామంది ఇలాంటి మెలికల బ్లాకులే చేసుకుని, 1977 పాంటియాక్ బోనెవిల్ కారు హీటర్ కోర్‌ని రేడియేటర్‌గా పెట్టి, చెరువు పంపులతో నడిపారు. కానీ అప్పటి చిప్పులు విడుదల చేసే వేడి ఇప్పటిదాని కంటే తక్కువ.

సరైన దారి సందులు ఇరుకు చెయ్యడం. ఇరుకు సందులో నీటి పొర మందంగా పేరుకోవడానికి చోటే ఉండదు, పైగా అదే స్థలంలో గోడలు ఎక్కువ పడతాయి. 1981లో స్టాన్‌ఫోర్డ్‌లో టకర్‌మన్, పీజ్ అనే ఇద్దరు సిలికాన్ మీదే 50 మైక్రాన్ల వెడల్పు, 300 మైక్రాన్ల లోతు కాలువలు చెక్కి, చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడిని 71 డిగ్రీల పెరుగుదలతో లాగేశారు. నేటి కంపెనీ బ్లాకుల్లో కనిపించే సన్నటి ఫిన్స్ (గాళ్ల మధ్య నిలిచే రాగి గోడలు) వెనక ఉన్న సూత్రం అదే. మనకి 50 మైక్రాన్లు కుదరవు, కానీ 0.8 మి.మీ. మన వర్క్‌షాపుల్లో మామూలు పని.

కాబట్టి ఆ మెలికల బ్లాక్‌ని పక్కన పెట్టి కొత్తది చెయ్యి. 60 × 60 మి.మీ., 8 మి.మీ. మందం రాగి పలక తీసుకో. బరువు పావు కేజీ పైచిలుకు అంతే. హైదరాబాద్‌లో అయితే రాణీగంజ్, బాలానగర్ వైపు, విజయవాడలో అయితే ఆటోనగర్‌లో ముక్కలుగా కోసి తూకానికి ఇచ్చే కొట్లు ఉంటాయి. ఎలక్ట్రికల్ బస్‌బార్ గ్రేడ్ అడుగు. పాత సామాన్ల కొట్లో దొరికే ఎర్రటి లోహమంతా రాగి కాదు, ఇత్తడి, గన్‌మెటల్ కలగలిసి ఉంటాయి. ఇత్తడి వేడిని రాగిలో మూడో వంతే మోస్తుంది.

ఇక గాళ్లు. హ్యాక్సాతో కొయ్యొచ్చా అని అందరూ అడుగుతారు. కొయ్యొచ్చు, కానీ రంపం ఈ అంచు నుంచి ఆ అంచుకి తెగుతుంది, అప్పుడు ఓరింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) కూర్చోవడానికి చుట్టూ చదునైన అంచు మిగలదు. నీళ్లు కారేది అక్కడే. దీనికి చక్కటి ఉపాయం మిల్లింగ్ మెషిన్ మీద స్లిట్టింగ్ సా, అంటే పల్చటి గుండ్రటి రంపం. 63 మి.మీ. వ్యాసం, 0.8 మి.మీ. మందం ఉన్న కట్టర్‌ని పలక మీద పైనుంచి నేరుగా 5 మి.మీ. లోతుకి దించితే, పైన 34 మి.మీ. పొడుగున గాడి పడుతుంది. రెండు చివర్లా లోతు తగ్గుతూ విల్లులా పైకి తేలుతుంది. చుట్టూ అంచు చెక్కుచెదరదు. ఆ వంపు మనకి లాభమే, బయటికి వెళ్లే నీళ్లు మెత్తగా పైకి లేస్తాయి. గాడి 0.8, మధ్యలో వదిలే రాగి 0.7, కలిపి 1.5. ముప్పై మి.మీ. వెడల్పులో ఇరవై గాళ్లు వస్తాయి.

లోతు 5 దాటించకు. ఎక్కువ లోతైతే ఎక్కువ గోడ కదా అనిపిస్తుంది, కానీ వేడి ఆ సన్నటి రాగి గోడ వెంట పైకి ఎక్కాలి. పైకి వెళ్లేకొద్దీ గోడ చల్లగా ఉండి పని చెయ్యదు. పైగా అవే నీళ్లు ఎక్కువ చోటులో పరుచుకుని వేగం తగ్గుతుంది.

మిల్లింగ్ చేసే అతనికి ముందే చెప్పు: రాగి మెత్తన, జిగురుగా కట్టర్ పళ్లకి అంటుకుంటుంది. వేగం తగ్గించి, కటింగ్ ఆయిల్ గానీ కిరోసిన్ గానీ ధారాళంగా పోస్తూ, గాడి గాడికీ పళ్లల్లోని రజను బ్రష్‌తో దులపాలి. అది చెయ్యకపోతే పదో గాడి దగ్గర కట్టర్ ఇరుక్కుని పక్క ఫిన్‌ని వంచేస్తుంది, ఒక్కోసారి కట్టరే విరుగుతుంది. కొత్త కట్టర్ నువ్వే కొనుక్కుని వెళ్లు. అరిగిన కట్టర్‌తో చేస్తే గాడి అంచుల్లో బర్ (తెగీ తెగని లోహపు ముళ్లు) మిగిలిపోయి, తర్వాత అది ఊడి పంపులోకి పోతుంది. పని అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో, సబ్బు నీళ్లతో ప్రతి గాడీ కడుగు. ఏటవాలుగా వెలుతురు వేసి చూడు, మెరిసే నలుసు ఒక్కటి కూడా కనపడకూడదు.

చాలామంది ఇంటి బ్లాకులు మూత దగ్గర ఓడిపోతాయి. ఫిన్స్ ఎంత బాగా తీసినా, వాటి పైన అర మి.మీ. ఖాళీ ఉంటే నీళ్లకి ఆ పైదారే సులువు. ఇరుకు సందుల్లోకి దిగకుండా పైనుంచే జారిపోతాయి. నువ్వు పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి మూత అడుగుభాగం ఫిన్స్ పైఅంచులకి గట్టిగా ఆనాలి. నేనైతే మధ్యలో అర మి.మీ. సిలికోన్ రబ్బరు షీట్ వేస్తాను, పైన మూత బిగించినప్పుడు అది నొక్కుకుని సందు మూసేస్తుంది.

ఆ షీటుకి మధ్యలో, గాళ్లకి అడ్డంగా, 1.5 మి.మీ. వెడల్పు చీలిక పెట్టు. నీళ్లు అక్కడి నుంచే లోపలికి దూకాలి. చీలిక నుంచి నీళ్లు నిటారుగా అడుగు పలకని కొడతాయి, అక్కడ ఆ నీటి పొర మిగతా చోట్ల కంటే బాగా పల్చబడుతుంది. తర్వాత రెండు వైపులకీ చీలి చివర్లలో పైకి లేస్తాయి. సగం దూరమే ప్రయాణం కాబట్టి పంపు మీద భారం కూడా తగ్గుతుంది. మూతలో ఫిన్స్ చివర్ల మీద రెండు గుంటలు, వాటిని కలుపుతూ పక్క నుంచి ఒక కాలువ, అంటే మొత్తం యూ ఆకారం. దాని నుంచి ఒకే బయటి దారి.

ఇంకో ముఖ్యమైన సంగతి: నీ ప్రాసెసర్‌లో కోర్లున్న ముక్క ప్యాకేజీ నడిబొడ్డున ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. పై మూత తీసేసిన 5800ఎక్స్ ఫోటోలు బోలెడు దొరుకుతాయి, చూసి కొలుచుకో. చీలిక సరిగ్గా ఆ ముక్క మీద పడేలా మొత్తం బ్లాక్‌ని ఆ పక్కకి జరిపి బిగించు. దీనికి ఖర్చు సున్నా. బ్రాకెట్ రంధ్రాలు వేసేటప్పుడు ఆలోచిస్తే చాలు. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ చుట్టూ రంధ్రాల దూరం 54 × 90 మి.మీ.

మూతకి 15 మి.మీ. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) ముక్క మంచిది. అక్రిలిక్ అయితే లోపల బుడగలు కనపడతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ రంధ్రం అంచుల్లో పగుళ్లు వస్తాయి. స్పిరిట్‌తో, థిన్నర్‌తో తుడిస్తే ఆ పగుళ్లు ఇంకా పాకుతాయి. ఓరింగ్ గాడి గుండ్రంగా పెట్టు, లేత్ మీద ఫోర్‌జా చక్‌లో సులువుగా వస్తుంది. లోపలి వ్యాసం 48 మి.మీ. పెడితే ఫిన్స్ మూలలు లోపలే ఉంటాయి. 2 మి.మీ. ఓరింగ్‌కి గాడి లోతు 1.5, వెడల్పు 2.6. నాలుగు మూలలా ఎం4 స్క్రూలు. పైపు ఫిట్టింగులకి పావు అంగుళం బీఎస్‌పీ ప్యారలల్ ట్యాప్ (మరలు కోసే పనిముట్టు), ముందు 11.8 మి.మీ. డ్రిల్. హార్డ్‌వేర్ షాపువాడు టేపర్ ట్యాప్ చేతిలో పెడతాడు, చూసి తీసుకో. ఫిట్టింగ్ కింద ఉన్న ఓరింగే నీళ్లని ఆపుతుంది, టెఫ్లాన్ టేపు వద్దు. దాని పోగులు ఊడి నేరుగా నీ 0.8 గాళ్లల్లో ఇరుక్కుంటాయి.

అడుగు పలక ల్యాపింగ్ (రుద్ది చదును చెయ్యడం) గురించి క్లుప్తంగా. మందపాటి అద్దం మీద 220, 400, 600 నంబరు వాటర్ పేపర్ వరుసగా పరిచి, నీళ్లు చల్లి, చేతి బరువు మధ్యలో ఉంచి రుద్దు. ముందు అడుగంతా మార్కర్‌తో గళ్లు గీయి, గీతలన్నీ ఒకేసారి చెరిగితే చదునైనట్టు. అద్దంలా మెరిపించనక్కర్లేదు. మెరుపు వేరు, చదును వేరు. అంచులు గుండ్రమైపోయినా తళతళలాడే బ్లాకులు చాలా చూశాను. పాత బ్లాక్‌కి బ్రేజింగ్ చేయించావు కదా, ఆ వేడికి రాగి వంగి ఉంటుంది. దాని అడుగున స్టీల్ స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడు. కొత్తది తయారయ్యేలోపు దాన్ని ల్యాప్ చేసి, పేస్ట్ పల్చగా వేసి మళ్లీ బిగించినా ఆ 49లో కొంత తగ్గొచ్చు.

లీకు పరీక్ష కంప్యూటర్ బయట చెయ్యాలి. బ్లాక్ విడిగా, తర్వాత మొత్తం లూప్. అందరూ నీళ్లు పోసి టిష్యూ పరిచి రాత్రంతా కాపలా కాస్తారు. అంతకంటే మంచిది గాలి. ఇంట్లో ముల్లున్న పాత బీపీ మెషిన్ ఉంటే దాని బల్బూ గేజీ చాలు. ఒక మూతి మూసి, రెండో మూతికి ఆ రబ్బరు పైపు తగిలించి 250 దాకా కొట్టు. అది దాదాపు మూడో వంతు బార్. పావుగంట ఆగు. ముల్లు ఒకటి రెండు గీతలు కదిలితే కంగారుపడకు, గది టెంపరేచర్ ఒక్క డిగ్రీ మారినా అంత కదులుతుంది. ఆగకుండా దిగుతూ పోతే బ్లాక్‌ని బకెట్ నీళ్లలో ముంచు, బుడగ ఎక్కడి నుంచి వస్తే అక్కడే లోపం.

ఇప్పుడు నువ్వు అడగని ప్రమాదం. రెడీమేడ్ కూలర్లలో చాలావాటికి రేడియేటర్ అల్యూమినియం, అడుగు పలక రాగి. కంపెనీవాళ్లు లోపల పోసే ద్రవంలో తుప్పుని ఆపే మందు కలుపుతారు కాబట్టి అవి బతుకుతాయి. నువ్వు దాన్ని పారబోసి ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోశావు. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, తెల్లటి బంకలాంటిది తేలి గాళ్లని మూసేస్తుంది. రాగి లేదా ఇత్తడి రేడియేటర్‌కి మారడం ఉత్తమం. అప్పటిదాకా కారు రేడియేటర్ కూలెంట్, అల్యూమినియంకి పనికొచ్చే రకం, డబ్బా మీద చెప్పిన నిష్పత్తిలో కలుపు. అందులో ఉండే గ్లైకాల్ విషం, పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందనివ్వకు. బోరు నీళ్లు పొరపాటున కూడా వద్దు, గార పడుతుంది.

ఆ ఎయిర్ కూలర్ పంపు కూడా తీసెయ్యి. అది 230 వోల్టులతో నీళ్లలో మునిగి ఉండే వస్తువు, దాని ఇన్సులేషన్ పోతే ఆ కరెంటు నీ కేబినెట్ దాకా వస్తుంది. పైగా ఇరుకు గాళ్ల ఎదురు ఒత్తిడికి దాని ప్రవాహం చతికిలబడుతుంది. 12 వోల్టుల డీ5 రకం పంపు పెట్టు. దాని స్పీడ్ వైరుని మదర్‌బోర్డులో సీపీయూ ఫ్యాన్ పిన్నులకి తగిలిస్తే, పంపు ఆగినప్పుడు బోర్డు హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికని బయోస్‌లో ఆఫ్ చేసి ఉంచారేమో చూసుకో.

పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఈ ప్రాసెసర్ చల్లగా ఉంటే తనంతట తనే ఎక్కువ స్పీడ్, ఎక్కువ వాట్లు తీసుకుంటుంది. బ్లాక్ బాగుపడినా టెంపరేచర్ అంతే చూపించి నిన్ను మోసం చేస్తుంది. అందుకే పరీక్షల వరకు బయోస్‌లో పవర్ లిమిట్‌ని 120 వాట్లకి బిగించి, ప్రైమ్95 లాంటి, ప్రాసెసర్‌ని పూర్తిగా పని చేయించే ప్రోగ్రాం ఒక్కదాన్నే ప్రతిసారీ లోడ్‌గా పెట్టి, నీళ్ల టెంపరేచర్ కదలకుండా నిలిచేదాకా అరగంట ఆగి, కోర్ టెంపరేచర్‌లోంచి నీళ్ల టెంపరేచర్‌ని తీసెయ్యి. ఆ తేడా ఒక్కటే రాసుకో. పేస్ట్, బిగింపు, చీలిక జాగా, ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చు.

పాత బ్లాక్ ఊడదీసినప్పుడు ప్రాసెసర్ మీదా రాగి మీదా పేస్ట్ ఎలా అచ్చు పడిందో తుడవకముందే ఫోటో తీసి పెట్టు. మిల్లింగ్‌కి ఇచ్చే ముందు కొలతలతో చేత్తో గీసిన బొమ్మ కూడా పెట్టు. చీలిక ఎంత పక్కకి జరపాలో, రెండో పోర్టు ఓరింగ్ గాడికి తగలకుండా ఎక్కడ వెయ్యాలో చూసి చెబుతాను.